రెండు చుక్కల అలైన్‌మెంట్ కుదరట్లేదు, డాబా మీద మూడు రాత్రులు పోయాయి

నాగావళి_గట్టు
మాది శ్రీకాకుళం. కొత్త సంవత్సరం రోజున కంప్యూటర్ టెలిస్కోప్ ఇంటికి వచ్చింది. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 25, 9 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు), ఒక రిమోట్. కంపెనీ పేరు రాయను, రాస్తే గొడవ అటు మళ్ళుతుంది. కొనేముందు చూసిన వీడియోలో ఆయన రెండు చుక్కలు చూపించి బటన్ నొక్కగానే గొట్టం తనంతట తానే తిరిగి శనిగ్రహం మీద ఆగింది. మా ఇంట్లో తనంతట తానే తిరిగి పక్కింటి వాటర్ ట్యాంకు మీద ఆగుతోంది.

చేసింది ఇదీ. ట్రైపాడ్ డాబా మీద పెట్టాను. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి లెవెల్ చూశాను. ఊరు, తేదీ, టైము ఇచ్చి రెండు చుక్కల పద్ధతి ఎంచుకున్నాను. అంటే రెండు చుక్కల్ని మనం చూపిస్తే మిగతా ఆకాశమంతా ఎక్కడుందో అదే లెక్కేసుకోవాలి, దాన్నే అలైన్‌మెంట్ అంటారు. మొదటి చుక్క ఏదో చెప్పమని లిస్టు ఇస్తోంది. ఆ పేర్లు ఫోన్‌లో వెతికితే ఆ చుక్కలు ఇప్పుడు ఆకాశంలోనే లేవు. సర్లే అని మెరుస్తున్నవి రెండు చూసి ఓకే కొడితే అలైన్‌మెంట్ ఫెయిల్డ్ అంటోంది. నిన్న, అంటే జనవరి 8, మూడో రాత్రి. మా నాన్న మెట్ల మీద నుంచి "ఏటిరా, దొరికిందా?" అని అడగడం కూడా మానేశారు. బోర్డు పోయిందా? వాపసు గడువు ఇంకా మూడు రోజులుంది.

పలాస_జీడిపప్పు
ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూసి చెప్తే పక్కింటివాళ్ళు నెలకింత ఇస్తారు. డబ్బులు వసూలైపోతాయి.

గంటస్తంభం
నూటికి నూరుపాళ్ళు టైమ్ జోన్. చాలా రిమోట్లలో 5 తర్వాత 6 ఉంటుంది, మన అయిదున్నర ఉండదు. అరగంట తేడా అంటే ఆకాశం ఏడున్నర డిగ్రీలు తిరిగిపోతుంది. విజయనగరంలో నేను ఇదే బాధ పడ్డాను.

ఫిజిక్స్_మాస్టారు
వాపసు తొందర వద్దు బాబూ. రెండు సంగతులు చెప్పు. లిస్టులో వచ్చిన పేర్లు ఏవి? తేదీని రిమోట్‌లో ఏ అంకెలు ఏ వరసలో నొక్కావు? గుర్తున్నది కాదు, మళ్ళీ ఆన్ చేసి చూసి రాయి.

నాగావళి_గట్టు
చూశాను మాస్టారూ. పేర్లు ఆంటారెస్, ఆర్క్‌ట్యూరస్, వేగా, స్పైకా, ఆల్టెయిర్. తేదీ 08/01/26 అని కొట్టాను. టైము రాత్రి 8.

ఫిజిక్స్_మాస్టారు
దొరికింది. అవి మన జ్యేష్ఠ, స్వాతి, అభిజిత్, చిత్త, శ్రవణం. రాత్రి ఎనిమిదికి ఈ అయిదూ కలిసి కనిపించేది వర్షాకాలంలో. నీ రిమోట్ నెల ముందు, తేదీ తరవాత అడుగుతుంది. నువ్వు ఇచ్చింది ఆగస్టు 1. దానికి తగ్గట్టు ఆగస్టు ఆకాశం లిస్టు ఇచ్చింది. యంత్రం తప్పేమీ లేదు, చెప్పింది విన్నది. 01/08/26 అని కొట్టి చూడు, రైజెల్, కపెల్లా, ఆల్డెబరాన్, సిరియస్ వస్తాయి.

పలాస_జీడిపప్పు
మేమంతా సంక్రాంతికి అరిసెలు వండుతుంటే ఈయన శ్రావణ మాసానికి చేరువైపోయాడు.

రోహిణి_కార్తె
నవ్వకండి, నేనూ పడ్డాను అందులో. మాది చీపురుపల్లి దగ్గర. మా అబ్బాయికని కొన్నది, వాడు రెండు రోజులు చూసి వదిలేశాడు, ఇప్పుడు నేను చూస్తున్నాను. తేదీ సరిచేశాక కూడా నాది తప్పు చూపించింది. స్టాండర్డ్ టైమా, డేలైట్ సేవింగా అని ఒక ప్రశ్న వస్తుంది చూడండి, పగటి వెలుతురు దాచుకుంటే మంచిదే కదా అని రెండోది నొక్కాను. అది కొన్ని దేశాల్లో వేసవికి గడియారాన్ని గంట ముందుకి జరపడం, మన దేశంలో లేనే లేదు. గంట తేడా, పదిహేను డిగ్రీలు. స్టాండర్డే పెట్టాలి.

నాగావళి_గట్టు
మేడమ్, నేనూ డేలైటే పెట్టాను. పగలు వెలుతురుంటుంది కదా అనుకున్నాను.

కళింగపట్నం_దీపం
ఊరు ఎలా ఇచ్చావు తమ్ముడూ? నా రిమోట్ సిటీ లిస్టులో శ్రీకాకుళం లేక హైదరాబాద్ పెట్టేశాను. రేఖాంశం అయిదు డిగ్రీల పైన తేడా, టైములో చెప్పాలంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. తరవాత ఫోన్ మ్యాప్‌లో చూసి 18.30, 83.90 అని కొట్టబోతే మొదటిది తీసుకుంది, రెండోది తీసుకోలేదు. గంటసేపు పోరాడాను. అది అడుగుతున్నది డిగ్రీలు, నిమిషాలు. నిమిషాల గడిలో 90 ఎలా పడుతుంది! మొదటిది తీసుకున్నా తప్పే, అది 18 డిగ్రీల 30 నిమిషాలైపోయింది. చుక్క తరవాత ఉన్నదాన్ని అరవైతో గుణించాలి. శ్రీకాకుళానికి 18 డిగ్రీల 18 నిమిషాల ఉత్తరం, 83 డిగ్రీల 54 నిమిషాల తూర్పు. తూర్పు అన్నది మర్చిపోకు, పశ్చిమం ఉంటే నువ్వు అమెరికా వైపు సముద్రంలో ఉన్నావనుకుంటుంది.

గంటస్తంభం
మరి జోన్ సంగతి? అయిదున్నర లేకపోతే ఏం చేయాలో నేను చెప్తాను. జోన్ సున్నా పెట్టి, మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేసి కొట్టాలి. రాత్రి 8 అంటే మధ్యాహ్నం 2.30. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము అయిదున్నర దాకా తేదీ కూడా ముందు రోజుదే ఇవ్వాలి, అక్కడ చాలామంది పడతారు.

నాగావళి_గట్టు
నా దాంట్లో నిజంగానే 5.30 లేదు. 5 పెట్టి ఊరుకున్నాను. మీరు చెప్పినట్టు సున్నా పెడతాను. ఈ రాత్రి చూసి రాస్తా.

నాగావళి_గట్టు
శుక్రవారం రాత్రి రిపోర్టు. లిస్టు మారింది, కపెల్లా ఉంది, రైజెల్ ఉంది, ప్రాణం లేచొచ్చింది. మొదటి చుక్క కపెల్లా పెట్టాను. రెండోది పోలక్స్ అడిగాను, గొట్టం దానంతట అది తిరిగి తూర్పున ఆగింది. ఆగినచోట పెద్దగా ఏమీ లేదు. కాస్త పైన ధగధగ మెరుస్తూ ఒకటుంది, దాన్ని మధ్యకి తెచ్చి ఎంటర్ కొట్టాను. మళ్ళీ ఫెయిల్డ్. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

రోహిణి_కార్తె
ఆ ధగధగ మెరిసేది మిణుకు మిణుకుమందా, నిలకడగా ఉందా?

నాగావళి_గట్టు
నిలకడగానే ఉంది. ఐపీస్‌లో పక్కన చిన్న చుక్కలు మూడు నాలుగు ఒకే గీత మీద కూడా కనిపించాయి.

రోహిణి_కార్తె
అది గురుగ్రహం! ఆ పక్కన ఉన్నవి దాని చందమామలు. నాలుగు రాత్రుల నుంచి గురుణ్ణి చూడాలని తపస్సు చేస్తూ, కనిపించినప్పుడు నువ్వు పోలక్స్‌వి అని దబాయించారు.

పలాస_జీడిపప్పు
గురువుగారి ఉసురు ఊరికే పోదు.

ఫిజిక్స్_మాస్టారు
ఇది తెలుసుకోదగ్గ సంగతి, కాస్త వివరంగా రాస్తాను. గురుడు ఇప్పుడు మిథునంలో, పునర్వసు జంటకి దగ్గరలో ఉన్నాడు. రేపు 10వ తేదీన సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు, అందుకే సూర్యాస్తమయానికే తూర్పున లేచి అంత మెరుస్తున్నాడు. పునర్వసు అంటే రెండు చుక్కలు, క్యాస్టర్, పోలక్స్. తూర్పుకి తిరిగి నిలబడితే ఎడమవైపుది క్యాస్టర్, కుడివైపుది పోలక్స్. వాటికి పైగా, ఇంకా కుడిపక్కన గురుడు. పోలక్స్‌కీ గురుడికీ మధ్య ఏడెనిమిది డిగ్రీలు, అంటే చెయ్యి చాచి పట్టుకుంటే ఒక పిడికిలి కంటే కాస్త తక్కువ.

మిషన్ చేసే పని ఏమిటంటే, మనం చూపించిన రెండు చుక్కల మధ్య కోణం కొలుస్తుంది. కపెల్లాకీ పోలక్స్‌కీ మధ్య ఎంత ఉండాలో దాని లోపల రాసి ఉంది. మనం చూపించింది దానితో సరిపోకపోతే ఫెయిల్డ్. ఈసారి కూడా అది చేసింది సరైన పనే.

ఇప్పుడున్న ఆకాశానికి నా సలహా కపెల్లా, రైజెల్. ఒకటి ఈశాన్యాన, ఒకటి ఆగ్నేయాన. రెండూ దాదాపు యాభై డిగ్రీల ఎత్తులో ఉంటాయి, రెంటి మధ్యా కూడా అంతకంటే ఎక్కువే దూరం. ఆల్డెబరాన్ ఆ టైముకి దాదాపు నెత్తిమీదకి వచ్చేస్తుంది. ఇలాంటి మౌంటుకి, అంటే గొట్టాన్ని మోసి తిప్పే భాగానికి, నడినెత్తి చుక్క ఇబ్బంది, కొంచెం జరపాలన్నా దాని కింది భాగం చాలా తిరగాలి.

అమ్మమ్మ_చుక్కలు
పేర్లు ఇంగ్లీషులో ఉంటే వెతుక్కోవడం కష్టమే. మా అమ్మమ్మకి గడియారం లేదు, చుక్కల్ని బట్టి లేచేది. వరసగా మూడు చుక్కల్ని గొల్లకావిడి అనేది, కృత్తికల్ని పిల్లలకోడి అనేది. ఆ మూడు చుక్కలకి ఒకపక్క ఎర్రగా ఉన్నది ఆరుద్ర, రెండోపక్క తెల్లగా ఉన్నది మీ రైజెల్. పిల్లలకోడి కింద ఎర్రగా ఉన్నది రోహిణి, అదే ఆల్డెబరాన్. కపెల్లాని మన పుస్తకాల్లో బ్రహ్మహృదయం అంటారు. ఇలా గుర్తుపెట్టుకుంటే ఫోన్ తియ్యక్కర్లేదు.

పలాస_జీడిపప్పు
రిమోట్‌లో గొల్లకావిడి అని కొడితే వస్తుందా?

అమ్మమ్మ_చుక్కలు
రాదు. మా అమ్మమ్మకి రిమోట్ కూడా లేదు, అయినా ఎప్పుడూ ఫెయిల్డ్ అనలేదు.

కళింగపట్నం_దీపం
చుక్కలు అసలే తెలియనివాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది కదా, పేర్లతో పని లేకుండా మెరిసేవి మూడు చూపిస్తే అవి ఏవో అదే కనుక్కుంటుంది. గ్రహం అయినా ఒప్పుకుంటుంది. మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. కాకపోతే దానికి టైము, ఊరు కచ్చితంగా ఉండాలి, లేకపోతే అది గుర్తుపట్టలేదు.

ఇంకోటి, నేనైతే ధ్రువ నక్షత్రం పెడతాను. కదలదు కాబట్టి తేలిక.

ఫిజిక్స్_మాస్టారు
అది వద్దు. ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే, పద్దెనిమిది డిగ్రీలు. జనవరిలో మంచు, పొగ పొర అంతా ఆ ఎత్తులోనే. పైగా అది అంత వెలుగున్నది కాదు, కొత్తవాళ్ళు పక్క చుక్కని పట్టుకుంటారు. కళింగపట్నం తీరం చీకటిగా ఉంటుంది కాబట్టి మీకు దొరుకుతోంది, ఊళ్ళో డాబా మీద దొరకదు. దక్షిణాన అగస్త్య నక్షత్రం కూడా మన ఊళ్ళో ఎంత పైకొచ్చినా పంతొమ్మిదికి మించదు. చూడ్డానికి బాగుంటుంది, అలైన్‌మెంట్‌కి వద్దు.

కళింగపట్నం_దీపం
ఒప్పుకోను మాస్టారూ, నాకు రెండేళ్ళుగా కుదురుతోంది. కానీ కొత్తవాళ్ళకి వద్దంటే సరే.

నాగావళి_గట్టు
శనివారం. ముందు శుభవార్త. కపెల్లా, రైజెల్ పెట్టాను, అలైన్‌మెంట్ సక్సెస్ అని వచ్చింది! ఇంటిల్లిపాదినీ పైకి పిలిచాను. అమ్మ చేతులకి అరిసెల పిండితోనే వచ్చింది. గురుణ్ణి కొట్టాను, గొట్టం బుర్రుమని తిరిగి ఆగింది. అమ్మ కన్ను పెట్టి చూసి "చీకటిగా ఉంది నాన్నా" అంది.

ఐపీస్‌లో లేదు. బాణం మీటతో కుడివైపు జరిపితే వచ్చింది. సరే అని రైజెల్‌కి వెనక్కి పంపాను, అదీ లేదు, ఈసారి ఎడమవైపు జరపాల్సి వచ్చింది. అప్పుడే కరెంటు పోయింది. ఊరంతా చీకటి, ఆకాశం నిండా చుక్కలు, ఆహా అనుకున్నాను. టెలిస్కోప్ అడాప్టర్ కింద గదిలో ప్లగ్గుకి ఉంది. రిమోట్ ఆరిపోయింది. అలైన్‌మెంట్ మొత్తం పోయింది.

పలాస_జీడిపప్పు
కరెంటు పోతే ఆనందపడే మనిషి జిల్లాలో నువ్వొక్కడివే, ఆ ఆనందం కూడా దేవుడు మిగల్చలేదు.

బొబ్బిలి_ఇన్వర్టర్
కరెంటు సంగతి నాకు వదిలెయ్యండి, నా పని అదే. సెల్లులతో మొదలుపెట్టకండి, ఎనిమిది పెన్‌సెల్లులు ఒక్క రాత్రికే నీరసపడతాయి. వోల్టేజి తగ్గితే మోటారు పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది, మనం అలైన్‌మెంట్ తప్పనుకుంటాం. కంప్యూటర్ యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి తీసుకోండి. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా మీ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, మీటరు పెట్టి చూశాకే గుచ్చండి. తారుమారైతే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది. వైరులో ఒక ఫ్యూజు కూడా వెయ్యండి.

గంటస్తంభం
గురుడు దొరక్కపోవడానికి కారణం జోనే అని మళ్ళీ చెప్తున్నా. టైము నిమిషం కూడా తేడా ఉండకూడదు.

ఫిజిక్స్_మాస్టారు
ఇక్కడ మీతో ఒప్పుకోలేను. రెండు చుక్కలూ సరిగ్గా చూపించి, వాటి మధ్య కోణం సరిపోయాక, టైములో అరగంట తప్పున్నా మిషన్ దాన్ని ట్రైపాడ్ వంగి ఉందన్నట్టుగా సర్దుకుంటుంది. లెవెల్ కొంచెం తప్పినా అంతే. చుక్కలు దొరుకుతాయి. తేదీ తప్పితే గ్రహాలు, చంద్రుడు దొరకవు, ఎందుకంటే అవి రోజురోజుకీ జరుగుతుంటాయి. చుక్కలు దొరికి చంద్రుడు ఒక్కడే దొరకలేదంటే తేదీని అనుమానించాలి. ఇతనికి రైజెల్ కూడా దొరకలేదు, అదీ తనే చూపించిన చుక్క.

గంటస్తంభం
మరి నాకు అరగంట సరిచేశాకే ఎందుకు పనిచేసింది? నేను అబద్ధమాడుతున్నానా?

ఫిజిక్స్_మాస్టారు
మీరు ఏ పద్ధతి వాడతారు?

గంటస్తంభం
ఒక్క చుక్క పద్ధతి. తొందరగా అయిపోతుందని.

ఫిజిక్స్_మాస్టారు
అదీ సంగతి. ఒక్క చుక్కే చూపిస్తే మిగతాదంతా టైము, ఊరు, లెవెల్ మీదే ఆధారపడుతుంది. మీ అనుభవం నిజం, నా మాటా నిజం.

గంటస్తంభం
సరే. కానీ పేరుకి తగ్గట్టు టైము మాత్రం సరిగ్గా పెట్టుకుంటా.

విజీనారం_బుల్లోడు
కాలిమేషన్ చూసుకో బ్రదర్. అద్దాలు కుదరకపోతే ఏదీ దొరకదు.

రోహిణి_కార్తె
కాలిమేషన్ తప్పితే బొమ్మ మసకగా, తోక ఉన్నట్టు వస్తుంది. దొరక్కపోవడానికి దానితో పని లేదు. ఉన్న తలనొప్పికి తోడు ఇప్పుడు స్క్రూలు తిప్పమనకండి.

ఫైండర్, అదే గొట్టం పక్కన గురి చూసుకునే చిన్న పరికరం, ఎలా కుదిర్చారు మీరు? నేను మొదట ఎదురింటి కొబ్బరిచెట్టు మీద పెట్టి కుదిర్చాను, ప్రతి రాత్రీ కాస్త పక్కకి వచ్చేది.

ఫిజిక్స్_మాస్టారు
ఫైండర్ గొట్టానికి ఒక జానెడు లోపు దూరంలో ఉంటుంది, పన్నెండు సెంటీమీటర్లనుకో. పది మీటర్ల చెట్టు మీద రెంటినీ కలిపితే చుక్క మీదకి వెళ్ళేసరికి ముప్పావు డిగ్రీ దాకా విడిపోతాయి. 9 మి.మీ. ఐపీస్‌లోంచి బయటికి పోడానికి అది చాలు. పగలు కిలోమీటరుకి తక్కువ లేని సెల్ టవర్ కొస మీద కుదర్చాలి. సూర్యుడి వైపుకి మాత్రం గొట్టం తిప్పొద్దు.

అమ్మమ్మ_చుక్కలు
అరసవల్లి స్వామికి దూరం నుంచే దండం. టెలిస్కోప్‌లో దర్శనం చేసుకుంటే ఆ కన్ను మళ్ళీ పనికిరాదు.

నాగావళి_గట్టు
ఫైండర్ సెల్ టవర్ మీదే కుదిర్చాను, బాగానే ఉంది. 25 మి.మీ.లోనే గురుడు రావట్లేదు. దానిలో ఎంత ఆకాశం పడుతుంది అసలు?

ఫిజిక్స్_మాస్టారు
650ని 25తో భాగిస్తే 26 రెట్లు. దాదాపు రెండు డిగ్రీల ఆకాశం, నిండు చందమామలు నాలుగు పక్కపక్కన పట్టేంత. అందులోంచి బయటపడిందంటే మధ్య నుంచి ఒక డిగ్రీ తప్పింది. చిన్న తప్పు కాదు.

నువ్వు రాసినదాంట్లో ఒక వాక్యం దగ్గర ఆగాను. కపెల్లా, రైజెల్ చూపించాక గురుడికి వెళ్తే కుడికి జరపాలి, అక్కణ్ణుంచి రైజెల్‌కి వెనక్కి వస్తే ఎడమకి జరపాలి అన్నావు. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటే అది లెక్క తప్పు. తిరిగిన దిక్కుని బట్టి తప్పు అటూ ఇటూ మారితే అది లెక్క కాదు, ఇనుము. ఎక్కడో వదులుంది. గేర్ పళ్ళ మధ్య సందు కొంచెం ఉంటుంది, దానికోసమే చివర్లో మధ్యకి తెచ్చేటప్పుడు ప్రతిసారీ ఒకే రెండు బాణాలతో ముగించమంటారు. చాలా రిమోట్లకి పైకి, కుడికి. మీ మాన్యువల్‌లో చూడు. కానీ గేర్ సందు ఒక డిగ్రీ ఉండదు.

రేపు పగలు ఒక పని చెయ్యి. కరెంటు ఏదీ ఇవ్వకు. ఎడమ చేత్తో ట్రైపాడ్ నెత్తిని గట్టిగా పట్టుకో, కుడి చేత్తో మౌంటు చేతిని మెల్లగా అటూ ఇటూ తిప్పు. చెవి దగ్గర పెట్టుకో.

కళింగపట్నం_దీపం
మాస్టారు స్టెతస్కోప్ తీశారు.

మాటల్లో మాట, మన ఉత్తరాంధ్రకి ఇది కొత్త పిచ్చేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత వేధశాల కట్టారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అక్కణ్ణుంచే చూసి రాశారు. వాళ్ళకి డేలైట్ సేవింగ్ ప్రశ్న రాలేదు పాపం.

నాగావళి_గట్టు
ఆదివారం మధ్యాహ్నం. డాబా మీద ఒడియాలు ఎండబెట్టిన చీర పక్కనే కూర్చుని చేశాను. మౌంటు చేతిని కుడికి తోస్తే టిక్. ఎడమకి తోస్తే టిక్. గొట్టం కాదు, మౌంటు మొత్తం ట్రైపాడ్ నెత్తి మీద కదులుతోంది. కంటికి చూస్తే గోరు మందం అంతే. కిందికి వంగి చూస్తే ట్రైపాడ్ మధ్యలోంచి పైకి వెళ్ళే నల్ల గుండ్రటి మర ఉంది, దాన్ని బిగిస్తే మౌంటు ట్రైపాడ్‌కి అతుక్కుంటుంది. మొదటిరోజు ఐపీసులు పెట్టే పళ్ళెం అడ్డమొచ్చి చెయ్యి సరిగ్గా దూరలేదు, రెండు చుట్లు తిప్పి వదిలేశాను. ఇప్పుడు పళ్ళెం తీసి బిగిస్తే ఇంకా చుట్టున్నర తిరిగింది. మళ్ళీ తోశాను. టిక్ లేదు.

ఫిజిక్స్_మాస్టారు
మధ్య నుంచి అయిదు సెంటీమీటర్ల దూరంలో ఒక్క మిల్లీమీటరు జరిగితే డిగ్రీ దాటుతుంది. నీ గోరు మందం అంతే. మోటారు మొదలైనప్పుడు గొట్టం తిరగడానికి బదులు ముందు మౌంటు వెనక్కి జారుతోంది, రిమోట్ మాత్రం గొట్టమే తిరిగిందని లెక్కేసుకుంటోంది.

రోహిణి_కార్తె
మాస్టారూ మీరు మా ఊళ్ళో పుట్టి ఉంటే నా రెండు నెలలు మిగిలేవి.

బొబ్బిలి_ఇన్వర్టర్
ఆ మరని పట్కారుతో బిగించకు, ప్లాస్టిక్ చీలుతుంది. చేత్తో చాలు. వైరు కాలికి చుట్టుకోకుండా కూడా చూసుకో, మౌంటు తిరిగినప్పుడు వైరు లాగితే మళ్ళీ అదే కథ.

రోహిణి_కార్తె
ఇంకో చిట్కా. చివర్లో 9 మి.మీ. ఐపీస్ పెట్టి, చుక్కని కావాలని ఫోకస్ తప్పించండి. మధ్యలో చిల్లుతో గారెలా పెద్దదవుతుంది, ఆ చిల్లు లోపలి చిన్న అద్దం నీడ. చుక్కని మధ్యలో పెట్టడం కంటే గారెని మధ్యలో పెట్టడం తేలిక.

పలాస_జీడిపప్పు
పండగ పూట గారె అని రాస్తే ఇక టెలిస్కోప్ ఎవడు చూస్తాడు.

నాగావళి_గట్టు
పండగ హడావిడిలో రాయడం ఆలస్యమైంది. భోగి రోజు పొగకి ఏమీ కనిపించలేదు. కనుమ రాత్రి కుదిరింది. యూపీఎస్ బ్యాటరీ కొన్నాను, మీటరు పెట్టి చూశాకే గుచ్చాను. రిమోట్ వెలుగు కళ్ళలో పడకుండా తమ్ముడి ఎర్ర గాలిపటం చింపి అతికించాను, దానికి వాడు ఇంకా మాట్లాడట్లేదు.

కపెల్లా, రైజెల్, గారె, పైబాణం, కుడిబాణం. సక్సెస్. శనిని కొట్టాను, పడమట కిందికి వెళ్ళిపోతున్నా 25 మి.మీ.లో ఉంది, మధ్యకి కొంచెం పక్కన. తమ్ముడు చూసి వలయం ఏదీ, గీత ఒక్కటే ఉంది, మోసం అన్నాడు.

ఫిజిక్స్_మాస్టారు
మోసం కాదు. పోయిన 2025 మార్చిలో వలయాలు సరిగ్గా అంచు మీదుగా మన వైపుకి తిరిగాయి. ఇప్పటికీ దాదాపు అలాగే ఉన్నాయి కాబట్టి సన్నని గీతలా కనిపిస్తాయి. ఏడాది ఏడాదికీ విచ్చుకుంటాయి. మాట్లాడని తమ్ముడికి ఇది చెప్పి రాజీ చేసుకో.

నాగావళి_గట్టు
చెప్పాను, గాలిపటం తెస్తేనే అన్నాడు. తరవాత గురుడు. మధ్యలోనే ఉన్నాడు. అమ్మని పిలిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి ఐపీస్‌కి తగులుతుందేమోనని, చాలాసేపు చూసింది. పక్కన నాలుగు ఉన్నాయి, ఒకటి ఇటు, మూడు అటు అంది. నేనేమీ చెప్పకుండానే లెక్కపెట్టింది. నాన్న మెట్ల మీద నుంచి "ఏటిరా, దొరికిందా?" అన్నారు.

బోర్డు బాగానే ఉంది. వాపసు గడువు దాటిపోయింది, పోతే పోయింది.

విజీనారం_బుల్లోడు
నాకూ అలైన్‌మెంట్ సక్సెస్ వస్తోంది, తిప్పితే కింద ఇంటి గోడ చూపిస్తోంది. కాలిమేషన్ రెండుసార్లు చేశాను.

రోహిణి_కార్తె
తూర్పా, పశ్చిమమా?

విజీనారం_బుల్లోడు
ఆగండి, చూసొస్తా.

విజీనారం_బుల్లోడు
పశ్చిమం.